తలుపు బయటి గొళ్ళెం

ఆ రోజు నేను రెండు అబద్ధాలు చెప్పాను. ఒకటి ఫోన్లో, ఇంకొకటి మూసిన తలుపుకు. రెండింటికీ నడుమ నిమిషం కూడా లేదు.

గండిపేట చెరువు అవతల ఒక రిసార్టు. సాయంత్రం ఐదు దాటింది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు రెండు బస్సుల్లో దిగి, గడ్డి మీద తాడులాగే ఆట ఆడుతున్నారు. మా పాటల గ్రూపు ఆడవాళ్ళు నలుగురూ వంటశాల పక్కనున్న స్టోరు గదిలో, ఉల్లిగడ్డ బస్తాల మధ్య కూర్చున్నారు. ప్రోగ్రామ్ మొదలయ్యేదాకా వాళ్ళను ఏదో ఒక గదిలో ఉంచి బయట గొళ్ళెం పెట్టడం నా అలవాటు. అలాంటి చోట్ల తాగినవాళ్ళు దారి తప్పినట్టు నటిస్తూ అటు వస్తుంటారు. మొదట్లో ఆ గొళ్ళెం వాళ్ళు అడిగిందే. తర్వాత వాళ్ళు అడిగినా అడగకపోయినా నేను పెడుతూ వచ్చాను.

గొళ్ళెం పెట్టి ఇటు తిరిగేసరికి నా జేబులో ఫోను మోగింది. నగరంలో పాటలు రికార్డు చేసే స్టూడియో ఆయన.

"మొన్న పెళ్ళిలో కరెంటు పోయినప్పుడు పాడిన అమ్మాయి, రేపు పది గంటలకు రాగలదా? ఒక పాట ఉంది. ఆ గొంతుకే సరిపోతుంది."

"నలుగురిని తీస్కొస్త సార్."

"నలుగురు వద్దండీ. ఆ అమ్మాయి ఒక్కతే."

నేను చెరువు వైపు చూస్తూ, లోపలికి వినబడకుండా అన్నాను. "ఆమెకు గొంతు పోయింది సార్. రెండు నెలలు పాడొద్దన్నడు డాక్టరు."

"అయ్యో," అన్నాడాయన. ఆ అయ్యో నిజమైనది. "తగ్గాక చెప్పండి" అని పెట్టేశాడు.

తలుపు వెనక నుంచి ఆ పిల్లే అడిగింది. "అన్నా, ఎవల ఫోను?"

"రాంగ్ నంబరు."

"రాంగ్ నంబరుతోని గింతసేపు మాట్లాడుతరా?"

లోపల మిగతా వాళ్ళు నవ్వారు. "రాంగ్ నంబర్ల ఎవతో మంచిగ మాట్లాడినట్టున్నదే! ఇంటికాడ వదినకు జెప్పాలె ఈ సంగతి" అని ఒకామె. నేనూ నవ్వాను. గొళ్ళెం తీసి నలుగురినీ స్టేజీ దగ్గరికి తీసుకుపోయాను. గొంతు పోయిందని నేను చెప్పిన పిల్ల ఆ సాయంత్రం గంటన్నర పాడింది.

ఇప్పుడు ఆ నలుగురి గురించి చెప్పాలి.

నాకు మొయినాబాద్ చౌరస్తాలో సౌండ్ సర్వీసు ఉండేది. మైకులు, బాక్సులు, ఒక పాత మిక్సరు, ఒక కీబోర్డు. పెళ్ళిళ్ళకు, వినాయకుడి మండపాలకు, మీటింగులకు కిరాయికి ఇచ్చేవాణ్ణి. అంతకుముందు నగరంలో ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించాలని వెళ్ళి, రెండో రోజే "ఇంకా నేర్చుకొని రా బాబూ" అనిపించుకొని తిరిగి వచ్చినవాణ్ణి. ఆ మాట నాలో చాలా ఏళ్ళు ఉండిపోయింది.

చేవెళ్ళ రోడ్డు మీద ఒక పెద్ద పూలతోట ఉండేది. బంతి, చామంతి, గులాబీ. తెల్లవారకముందే పూలు కోసి ఆటోట్రాలీల్లో మార్కెట్టుకు పంపేవారు. ఆ తోట యజమాని కొడుకు పెళ్ళికి మైకు కట్టడానికి పొద్దున్నే వెళ్ళినప్పుడు ఆ పాట విన్నాను. చీర కొంగును ఒడిగా కట్టుకొని, వరసల్లో వంగి బంతిపూలు తెంపుతూ ఆడవాళ్ళు పాడుతున్నారు. ఒక పిల్ల ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. ఎత్తిన పిల్లకు పందొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. ముడిమ్యాల నుంచి వస్తుంది. ఇంటర్ అయ్యాక చదువు ఆగింది. ఆ గొంతులో కొంచెం ఇసుక ఉండేది. ఎండిన బావిలోకి బొక్కెన దించినట్టు కిందికి దిగి, ఎక్కడో తడి తగిలించుకొని పైకి వచ్చేది.

ఆ వరసలోంచే నలుగురు కలిశారు. ముడిమ్యాల పిల్ల. పూలు కోసేవాళ్ళందరికీ మేస్త్రి అయిన చిల్కూరు పెద్దక్క, నలభై ఏళ్ళ మనిషి. ఒకే ఇంటి వదినా మరదళ్ళు ఇద్దరు. నేను వాళ్ళ పాటల కింద కీబోర్డు దరువు వేశాను. వేగం పెంచాను. శంకర్‌పల్లిలో ఒక స్నేహితుడి గదిలో పరుపులు గోడలకు ఆనించి ఏడు పాటలు రికార్డు చేశాము. క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజులవి. మా సీడీ ముందు బస్టాండు దుకాణాల్లో, తర్వాత ఆటోల్లో, ఆ తర్వాత నగరం నుంచి వచ్చే కార్లలో మోగింది.

ఆ కార్ల వల్లే మేము పైకి వచ్చాము. మాదాపూర్, గచ్చిబౌలి దిక్కు అద్దాల మేడలు లేస్తున్నాయి. అందులో పనిచేసేవాళ్ళు శని ఆదివారాలు మా వైపు తోటలకూ రిసార్టులకూ వచ్చేవారు. వాళ్ళకు మా పాట కొత్త. తమ ఇంట్లో నాయనమ్మ పాడినట్టూ ఉంటుంది, డాన్సు చేయడానికీ ఉంటుంది. నలుగురికీ ఒకే రంగు లంగా ఓణీలు కుట్టించి, కాళ్ళకు తెల్ల బూట్లు, కళ్ళకు నల్ల అద్దాలు పెట్టించాను. అది నా ఆలోచనే. స్టేజీ మీదికి రాగానే ఈలలు పడేవి. రెండేళ్ళలో కంపెనీల వార్షికోత్సవాలు, కాలేజీ ఫెస్టులు, కొత్త ప్లాట్ల వెంచర్ల ప్రారంభాలు, టీవీలో కొత్త సంవత్సరం ప్రోగ్రామ్. ఒకసారి బెంగళూరుకు కూడా వెళ్ళి వచ్చాము. చేవెళ్ళ చౌరస్తాలో ఎవరో మమ్మల్ని గుర్తుపట్టి టీ తాగించని రోజు ఉండేది కాదు.

మా పని తీరులో ఒక షరతు ఉండేది. ఆడవాళ్ళ ఇళ్ళవాళ్ళు పెట్టిందది. "మా పిల్లల నంబరు ఎవనికి ఇయ్యొద్దు. ఎవలు మాట్లాడినా నీతోనే మాట్లాడాలె" అన్నారు. అప్పుడు వాళ్ళ ఇళ్ళలో ఫోన్లు కూడా అంతంతమాత్రమే. సీడీ అట్ట మీద, గోడల మీద, బ్యానర్ల మీద ఉన్నది నా నంబరు ఒక్కటే. బయటివాళ్ళ మాట ఏదైనా నా చెవిలోంచే వాళ్ళకు చేరాలి. మొదట అది వాళ్ళు నా మీద పెట్టిన నమ్మకం. నేను దాన్ని అధికారంగా వాడుకున్నాను. ఎప్పటి నుంచి అని అడిగితే చెప్పలేను. పాలు విరిగిన క్షణం ఎవరికి తెలుస్తుంది?

పేరు వచ్చిన కొద్దీ గ్రూపు ఇరుకైపోయింది. ఎక్కడికి పోయినా అవే ఏడు పాటలు, అదే వరస. మూడో పాట దగ్గర కుడికి రెండు అడుగులు, ఐదో పాట దగ్గర నల్ల అద్దాలు తీసి మళ్ళీ పెట్టుకోవడం. సంగీతం ముందే రికార్డు చేసి ఉంటుంది, దాన్ని మైనస్ ట్రాక్ అంటారు. నేను మీట నొక్కితే దరువు మొదలవుతుంది, వాళ్ళు దాని మీద పాడాలి. దరువు వాళ్ళ కోసం ఆగదు. పెద్దక్క మోకాళ్ళు నొప్పి పుట్టి, రెండు పాటలు స్టూలు మీద కూర్చొని పాడతానంటే నేను ఒప్పుకోలేదు. "కూసొని పాడితే భజన అనుకుంటరక్కా" అన్నాను. ముడిమ్యాల పిల్ల తానే కట్టిన నిదానపు పాటలు నోటుబుక్కులో రాసుకొని వచ్చేది. "కొత్తయి ఎవడు వింటడే, వాళ్ళకు కావలసింది అవే" అనేవాణ్ణి. జనం నిజంగానే అవే అడిగేవారు. వాళ్ళ వన్స్ మోర్ నాకు సాక్ష్యంగా పనికొచ్చింది.

ఒకసారి వ్యానులో ఆ పిల్ల అంది. "అన్నా, నాకు ఈ పాటలు నిద్రల గూడ వస్తున్నయి. నిద్రల గూడ నువ్వు మీట నొక్కుతున్నవు."

మరదలు పకపకా నవ్వింది. "నీకు నిద్రల అన్న అచ్చిండా? నాకైతే ఆ తెల్ల బూట్లు అస్తయి. ఉరికొచ్చి తంతయి."

అందరం నవ్వాము. ఆ పిల్ల మాత్రం కిటికీ అద్దం వైపు తిరిగింది.

కరెంటు పోయిన పెళ్ళి ఆ తర్వాతే. మధ్యాహ్నం భోజనాల వేళ. కరెంటు పోయింది, జనరేటరు మొదలుకాలేదు. నా ట్రాకు ఆగిపోయింది. నేను జనరేటరు దగ్గరికి పరుగెత్తాను. ఆ సందులో ఆ పిల్ల మైకు లేకుండా, దరువు లేకుండా, తన నోటుబుక్కులోని పాట ఒకటి ఎత్తింది. పొద్దున్నే పూలన్నీ బండెక్కిపోయాక ఖాళీగా ఉన్న తోట గురించి. "బండెల్లిపాయె, వాసన ఉండిపాయె" అని ఉంటుంది పల్లవి. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు తినడం ఆపారు. నేను డీజిలు చేతులతో తిరిగి వచ్చి ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. చాలా బాగుంది. అది వింటూ నాకు సంతోషం కలగలేదు. భయం వేసింది. ఆ పాటలో నాకు పని లేదు.

స్టూడియో ఆయన ఆ పెళ్ళికి వచ్చిన చుట్టం. కార్డు ఆ పిల్ల చేతికే ఇచ్చి, ఏ నంబరుకు ఫోన్ చేయాలని అడిగాడు. ఆమె నన్ను చూపింది. ఆ సాయంత్రం కార్డు కూడా నాకే ఇచ్చింది, పోగొట్టుకుంటానేమో అని. అంతకుముందే అందులోని నంబరు నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకుందని నాకు తెలియదు.

రిసార్టులో ఫోన్ వచ్చింది ఆ తర్వాత పది రోజులకు. ఆనాటి నుంచి ఆమె రోజూ అడిగేది. "ఫోన్ అచ్చిందా అన్నా?" రాలేదనేవాణ్ణి. ఒకరోజు "వాళ్ళకు రోజు వందమంది కనిపిస్తరే, మతికుండదు" అన్నాను. ఆ మాటకు ఆమె ముఖం చిన్నబోవడం నేను చూశాను. చూసి కూడా వ్యాను తాళం తిప్పాను. ఇంటికి వెళ్ళాక నా మనసులో వాదన నడిచేది. ఒక్క పాట పాడిస్తారు, తర్వాత మరిచిపోతారు, ఆ పిల్ల చెడిపోయి తిరిగొస్తుంది, నలుగురూ కలిసి ఉంటేనే అందరికీ మంచిది. ఈ మాటల్లో ఒక్కటీ నిజం కాదని కాదు. కాని వాటి అడుగున ఉన్నది ఒకటే. ఆమె పోతే నేను మళ్ళీ వినాయకుడి మండపాల దగ్గర మైకు టెస్టింగు చెప్పుకుంటూ బతకాలి.

ఇంకో రెండు వారాలకు, ఒక శనివారం పొద్దున, వాళ్ళను ఎక్కించుకోవడానికి వ్యాను మొయినాబాద్ చౌరస్తాలో ఆపాను. ముగ్గురు ఎక్కారు. ఆ పిల్ల రోడ్డవతల ఎస్టీడీ బూతులో ఉంది. అద్దం వెనక రిసీవరు చెవికి ఆనించుకొని, మాట్లాడకుండా వింటోంది. బయటికి వచ్చి వ్యానెక్కింది. ఎవరికి చేశావని అడిగాను.

"రాంగ్ నంబరు" అంది.

అప్పుడే నాకు అర్థమై ఉండాలి. అర్థమైంది కూడా. అడగడానికి ధైర్యం లేక బండి నడిపాను.

ఆ రోజు గచ్చిబౌలి దగ్గర ఒక కంపెనీ ఫ్యామిలీ డే. పెద్ద హాలు, ఏసీ, ముందు వరసల్లో చిన్న పిల్లలు బెలూన్లు పట్టుకొని ఉన్నారు. పదకొండు గంటలకు మా పేరు పిలిచారు. ఈలలు, చప్పట్లు. నేను మిక్సరు వెనక నిలబడి మీట నొక్కాను. దరువు మొదలైంది. నాలుగు చుట్లు తిరిగాక ఆమె ఎత్తుకోవాలి.

నాలుగు చుట్లు అయ్యాయి. ఐదోది కూడా అయింది. ఆమె మైకు నోటి దగ్గర పట్టుకొని, నల్ల అద్దాలు పెట్టుకొని, ఊరికే నిలబడి ఉంది. మిగతా ముగ్గురూ అందుకోవడానికి నోళ్ళు తెరిచి ఆమె వైపు చూస్తున్నారు. మైకు పాడైందేమో అని జనం అనుకున్నారు. నేను వంగుకుంటూ స్టేజీ అంచు దాకా పరుగెత్తాను.

"ఏమైందే? ఎత్తు!"

ఆమె మైకు పక్కకు పెట్టి, నాకు మాత్రమే వినబడేటట్టు అంది. "గొంతు పోయింది గద అన్నా నాది. రెండు నెలలు పాడొద్దన్నడంట గద డాక్టరు. ఎట్ల ఎత్తాలె?"

ట్రాకు నడుస్తూనే ఉంది. ఆపడానికి వెనక్కి పోదామంటే శరీరం కదలలేదు. చుట్టూ రెండు మూడు వందలమంది, బయటికి పోవడానికి నాకు దారి లేదు. ఇన్నాళ్ళూ ఆమె అలాగే నిలబడి ఉందని అప్పుడు కాదు, చాలా తర్వాత తట్టింది.

అంతలో పెద్దక్క ఎత్తుకుంది. శ్రుతి కొంచెం కింద, గొంతు మొరటు. వదినా మరదళ్ళు అందుకున్నారు. ముందు వరసలో పిల్లలు ఎగరడం మొదలుపెట్టారు. ఏడు పాటలూ పెద్దక్కే ఎత్తింది. ఆ పిల్ల చివరి దాకా అక్కడే నిలబడింది. కుడికి రెండు అడుగులు వేయాల్సినప్పుడు వేసింది, అద్దాలు తీయాల్సినప్పుడు తీసింది, ఒక్క అక్షరం పాడలేదు. హాలులో చాలామందికి తేడా తెలియలేదు. ఆ సంగతి నన్ను ఇంకా కిందికి తొక్కింది.

తిరుగు దారిలో పెద్దక్క ముందు సీట్లో కూర్చొని, బూట్లు విప్పుకొని మోకాళ్ళు నొక్కుకుంటూ అడిగింది. "ఏందీ కథ? ఎవలన్న ఒకలు చెప్పున్రి."

ఆ పిల్ల చెప్పింది. బూతులోంచి చేస్తే స్టూడియో ఆయన ఏమన్నాడో, నేను ఆయనతో ఏమన్నానో. గొంతు బాగానే ఉందని ఆయనకు చెప్పకుండానే పెట్టేసిందట. ఏడవలేదు. చివరికి ఇలా అంది. "నాకు పాట పోయినందుకు గాదక్కా. రోజు అడిగిన. రోజు నా మొకం జూస్కుంటనే లేదన్నడు."

వదిన అందుకుంది. "మనల గదిల ఏసి గొళ్ళెం పెడుతుంటే తలుపుకనే అనుకున్న. నోటికి గూడ పెట్టిండా!"

"నేను..." అని మొదలుపెట్టాను. "ఆమె పోతే గ్రూపు ఉంటదా అక్కా? ఎత్తేటామె లేకుంటే పాట ఏడిది?"

పెద్దక్క నావైపు తిరిగి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు తోటల పని చెయ్యలే, నీకెట్ల ఎరుక. ఎత్తేటామె పిల్లకు పాలియ్య పోతది. మంచినీళ్ళకు పోతది. జరమొచ్చి నాలుగు రోజులు రాకుండ పోతది. పాట ఆగుతదా? పక్క సాలుల ఉన్నామె ఎత్తుకుంటది. మళ్ళచ్చినంక ఇచ్చేస్తది. ఇయ్యాల నేను జేసిందేంది? అదే గద." విప్పిన బూట్లు సీటు కిందికి తోసి మళ్ళీ అంది. "నలుగురం ఒకళ్ళ మీద ఒకళ్ళం నిలబడ్డమనుకున్నవు. మేం పక్కపక్కకు నిలబడ్డం ర."

అంతవరకు ఆమె నన్ను 'ర' అనలేదు.

మరునాడు ఆదివారం. పొద్దున్నే బస్సెక్కి స్టూడియోకు వెళ్ళాను. ఆయన టిఫిను చేస్తున్నాడు. నిలబడే చెప్పాను, గొంతు పోలేదని, నేనే అబద్ధమాడానని. ఎందుకో కూడా చెప్పాను. ఆయన ఇడ్లీ పక్కన పెట్టి నన్ను చూశాడు.

"నాతో ఇంకేం అబద్ధం చెప్పినా సరే అనుకునేవాణ్ణి. పాడే మనిషి గొంతు పోయిందని ఎట్లా అనగలిగావయ్యా?"

ఆ పాట అప్పటికే ఇంకొకరు పాడేశారు. దాన్ని ఇప్పుడు ఏం చేయలేనన్నాడు. సోమవారాలు కోరస్ రికార్డింగులుంటాయని, రావాలనుకుంటే రమ్మని అన్నాడు. "కానీ నువ్వు చెప్తే కాదు. ఆ అమ్మాయే ఫోన్ చెయ్యాలి. నీ మాట ఇక నాకు పనికిరాదు."

అక్కడి నుంచి నేరుగా ముడిమ్యాల. వాళ్ళ నాన్న బోరు దగ్గర తొట్టిలో క్యారెట్లు కడుగుతున్నాడు. ఆ పిల్ల కడిగినవాటిని బస్తాకు ఎత్తుతోంది. నన్ను చూసి చేతులు ఆపలేదు. నేను నిలబడి, మొదటి నుంచి చివరి దాకా ఆయనకు చెప్పాను. ఆయనకు ఇవేవీ తెలియవు. ఆమె ఇంట్లో ఏమీ చెప్పలేదట.

"కాకా, మీరే గద నంబరు ఎవలకు ఇయ్యొద్దన్నది, అన్నీ నువ్వే చూస్కోమన్నది" అని కూడా అన్నాను. అంత ఒప్పుకున్నాక కూడా ఆ మాట నోట్లోంచి జారింది. నాలో ఆ పాత బుద్ధి ఎంత మిగిలి ఉందో చూడండి.

ఆయన తడి చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. "నంబరు దాచమన్న బిడ్డా. పిల్లను దాచమన్ననా?"

ఆమె అప్పుడు మాట్లాడింది.

"ఆ పాట ఇంకొకళ్ళు పాడిన్రా?"

"పాడిన్రు."

"మంచిగ పాడిన్రా?"

"నేను ఇనలే."

బస్తా మూతి ముడివేసింది. "సోమవారం కోరస్ అన్నడా? ఎన్నింటికి?"

"నువ్వే ఫోన్ చెయ్యాలన్నడు." జేబులోంచి ఫోను తీసి చాపాను. "ఇగో, ఇప్పుడే చెయ్యి."

ఆమె నా చేతిలోని ఫోను వైపు చూసి, వాళ్ళ నాన్నతో అంది. "బాపూ, దుకాణం కాడ రూపాయి డబ్బా ఫోనుకు పోయొస్త." కాళ్ళకు చెప్పులు వేసుకొని వెళ్ళింది. నేను ఫోను జేబులో పెట్టుకొని, ఆమె వదిలిన క్యారెట్లు తొట్టిలోంచి తీసి ఇంకో బస్తాకు ఎత్తడం మొదలుపెట్టాను. వాళ్ళ నాన్న వద్దనలేదు, కూర్చోమని కూడా అనలేదు.

ఆ వారం ముగ్గురినీ పెద్దక్క ఇంట్లో కూర్చోబెట్టి క్షమించమని అడిగాను. వాళ్ళలో ఎవరి కోసమైనా ఫోన్లో వచ్చిన మాట ఇంకేదైనా దాచానా అని గుర్తు తెచ్చుకొని చెప్పాను. రెండు ఉన్నాయి. ఒక స్కూలువాళ్ళు పిల్లలకు పాటలు నేర్పడానికి మరదలిని అడిగారు. బంధువుల పెళ్ళి అని వదినకు వచ్చిన కబురు ప్రోగ్రామ్ అయ్యేదాకా చెప్పలేదు. మరదలు విని, "ఇంకా ఏమన్న ఉన్నయా, లేకుంటే టీ పెట్టాల్నా?" అంది. వదిన మాత్రం ఆ రోజు టీ తాగలేదు. ఇకపై ఏ ప్రోగ్రామ్ ఒప్పుకోవాలో నలుగురూ మాట్లాడుకొని చెప్తారు, నేను సౌండు చూసుకుంటాను, అంతే. పెద్దక్క స్టూలు మీద కూర్చొని పాడుతుంది. దానికి నన్ను ఎవరూ అడగలేదు.

ఆ నెలలోనే ఒక వెంచర్ యజమాని సోమవారం ప్రారంభానికి రమ్మన్నాడు. పలుకుబడి ఉన్న మనిషి. నలుగురూ కావాలన్నాడు. "సోమవారం ఆ పిల్ల రాదు సార్. పాటకు పోతది" అన్నాను. "ఇది పాట కాదా?" అని అరిచాడు. ముగ్గురు వస్తారంటే వద్దన్నాడు. ఆ తర్వాత అలా వద్దన్నవాళ్ళు ఇంకొందరు. ముగ్గురు చాలన్నవాళ్ళూ ఉన్నారు. గ్రూపు పోలేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచింది.

మొదటి సోమవారం వ్యాను ముడిమ్యాలలో ఆ పిల్ల ఇంటి ముందు ఆపాను. బస్సులో పోతానంది. రెండు బస్సులు మారాలి, ఆలస్యమవుతుంది అన్నాను. కాసేపు ఆలోచించి ఎక్కింది, వెనక సీట్లో. స్టూడియో దగ్గర దిగుతూ అంది. "నువ్వు లోపలికి రావద్దన్నా. నా మాట నేను మాట్లాడుకుంట."

సరే అన్నాను. మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఎనిమిదిమంది ఆడవాళ్ళు కలిసి ఒకే లైను మళ్ళీ మళ్ళీ పాడుతున్నారు. అందులో ఆమె గొంతు ఏదో విడదీసి వినడానికి ప్రయత్నించాను, తెలియలేదు. మూడు గంటలకు బయటికి వచ్చింది. ఎట్లా జరిగిందని అడగాలనిపించింది. అడగలేదు. ఆమె చెప్పలేదు. వ్యాను వెనక తలుపు తానే లాక్కొని కూర్చుంది.

అట్లా పదకొండు నెలలు ప్రతి సోమవారం పొద్దున ఏడింటికి ముడిమ్యాల వెళ్ళాను. ఆమె ఏనాడూ క్షమించానని అనలేదు. రమ్మని అనలేదు, రావద్దని కూడా అనలేదు. వానాకాలంలో ఒకసారి వ్యాను మొరాయిస్తే పక్కింటివాళ్ళ మోటారు సైకిలు అడుక్కొని, ఆమెకు ఒక రెయిన్ కోటు, నాకు ఒక యూరియా సంచి పట్టుకొని వెళ్ళాను. ఆ రోజు కూడా ఆమెకు ఆలస్యం కాలేదు.